మొగనికన్న పెద్దది

తొమ్మిదో జొన్నరొట్టె పెనం మీద ఉండగా జనాభా లెక్కలు రాసే రామచంద్రం సారు వచ్చాడు. మా బొగ్గుగని క్వార్టర్ల లైన్లలోని బడిలో పంతులు. మా ఆయన రాయమల్లు రొట్టె నములుతూనే గడపలో కుర్చీ వేసి, "చాయ్ పెట్టు" అని లోపలికి కేకేశాడు. రొట్టె దించి చాయ్ గిన్నె పెట్టాను. ఇంకా పదకొండు రొట్టెలు కావాలి. మా దగ్గర డబ్బిచ్చి తినే బొగ్గుబాయి కూలీలు నలుగురు రెండో షిఫ్టుకు పోతారు, వాళ్ల డబ్బాలు కట్టాలి.

వచ్చే నెలలో మా ఆయన బాయి పని నుంచి దిగిపోతున్నాడు. నిన్న అన్నం తింటూ, "ముప్పై నాలుగేండ్లు బొగ్గు కొట్టిన. ఇగ కూసుంట. జీతం రాదు గదా, నువ్వు ఇంకో నలుగురికి వండు. నీకింక యాభై రెండే" అన్నాడు. ఆ యాభై రెండు ఎక్కడిదో నాకు తెలుసు. బాయిలో చేరిన నాడు, కొలువు ఎక్కువ కాలం ఉంటుందని ఎనిమిదేళ్లు తగ్గించి రాయించుకున్నాడు. కాయితం మీద మొగనికన్న పెండ్లాం పెద్దదంటే నవ్వుతారని మా అత్త నా వయసులోంచి కూడా ఎనిమిదేళ్లు తీసేసింది. ఆ అబద్ధంతో ఆయనకు ఎనిమిదేళ్ల జీతం దొరికింది. నాకు ఎనిమిదేళ్ల రొట్టెలు దొరికాయి. మోకాళ్లు మాత్రం అరవై ఏళ్లవే. పొయ్యి దగ్గర నుంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. పాపం, ఆయనా అలిసిపోయాడు. ఆ దగ్గు వింటే నాకే జాలి వేస్తుంది. కానీ ఆయన అలసటకు ఒక తారీఖు ఉంది. నా అలసటకు ఇంకో నలుగురు వస్తున్నారు.

చాయ్ పట్టుకొని వెళ్లేసరికి సారు మా ఆయన వివరం రాసేసి నా వివరానికి వచ్చాడు.

"ఆమె వయసు?" అని మా ఆయన్నే అడిగాడు.

"యాభై రెండు."

"పని?"

"ఏం పని లేదు సార్, ఇంట్లనే ఉంటది" అన్నాడు మా ఆయన. ఆ నోట్లో నేను చేసిన రొట్టె ముక్క ఇంకా నలుగుతోంది. ఒళ్లు మండింది.

"సారూ, నాకు అరవై" అన్నాను.

"ఊకో! నాకు యాభై ఎనిమిదైతే నీకు అరవై ఎట్లయితది? మొగనికన్న పెండ్లాం పెద్దదా?"

"నీది నువ్వు చెప్పినట్టే ఉండనీ. నాది నేను బతికిన వయసు. సారూ, నాది నాకు రాయిండ్రి."

సారు నవ్వు ఆపుకొని, "మరి పని ఏం రాయాలె అవ్వా?" అన్నాడు.

"నలుగురు బాయోళ్లకు రెండు పూటల వంట. ఇరవై ఏండ్ల సంది."

సారు రాశాడు. ఆ కలం కదులుతుంటే చూస్తూ నిలబడ్డాను. నాకు చదువు రాదు, అయినా చూశాను.

"ఇప్పుడు గూడ చేస్తున్నట్టే గద?"

"వచ్చే నెల దాక చేస్త. ఆయన దిగిపోయిన దినమే నేనూ దిగిపోత. గా ముచ్చట గూడ రాయిండ్రి."

సారు కాయితం కిందికీ మీదికీ చూశాడు. "అది రాసే జాగ ఇందుల లేదవ్వా."

మా ఆయన నమలడం ఆపి నావైపు చూస్తున్నాడు.

"లేకపోతె లేకపాయె సారూ," అన్నాను, "ఆయనకు ఇనవడ్డది."