తొడుగు అతుకు

వెల్డింగు చేసే సూర్రావు పెట్టిన అతుకు విరగదని పెదపాడు చుట్టుపక్కల చేపల చెరువులవాళ్ళందరికీ గట్టి నమ్మకం. ఒకసారి విరిగిందన్న సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు సూర్రావు, ఇంకొకరు అతని భార్య వీరలక్ష్మి.

భార్య చేతికి తేలిగ్గా ఉంటుందని దోనె నడిపే గెడను అల్యూమినియం గొట్టాలతో చేసిచ్చాడు మహానుభావుడు! రెండు గొట్టాలు, వాటిని కలుపుతూ మధ్యన ఓ తొడుగు, చుట్టూ వెల్డింగు. మేత చల్లడానికెళ్ళిన వీరలక్ష్మి చెరువు నడుమ ఆ గెడ మీద ఒరిగేసరికి అతుకు ఊడింది. దోనె అంచు మీద పడి తుంటి ఎముక విరిగింది. ఏలూరు ఆసుపత్రికి చూడ్డానికొచ్చిన వాళ్ళందరికీ ఆవిడ ఒకటే మాట చెప్పింది.

"కాలు జారిందండీ."

పక్కనే నించున్న సూర్రావుకు ఆ మాట వినడం కన్నా నాలుగు తిట్లు తినడం నయమనిపించింది.

ఇప్పుడావిడకు గట్టు మీదికెళ్ళి చెరువు చూసుకోవాలని ఉంది. ఆసుపత్రిలో ఇచ్చిన అల్యూమినియం వాకరు కాళ్ళేమో బురదలో దిగబడుతున్నాయి. వాటికి వెడల్పు పాదాలున్న గొట్టాలు తొడిగి అతకాలి. మళ్ళీ అదే అతుకు!

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పెరటి షెడ్డులో పాత ముక్కల మీద సాధన మొదలెట్టాడు. ఇనుమైతే ఎర్రబడి హెచ్చరిస్తుంది. ఈ అల్యూమినియం ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నట్టుండి కరిగి కారిపోతుంది. కారకుండా కుదిరిన అతుకును రంపంతో నిలువునా కోసి చూస్తే పైన పటారం, లోన లొటారం. కోసిన ప్రతి ముక్కలోనూ ఆ గెడే కనబడేది.

చివరికి తప్పు దొరికింది. తుప్పు గీకే బ్రష్షుతోనే దీన్నీ తోముతున్నాడు. ఆ మురికే అతుకును పట్టనివ్వలేదు. కొత్త బ్రష్షు తెచ్చి, తళతళలాడేదాకా తోమి, అతికి, సుత్తితో బాదాడు. గొట్టం వంగింది గాని అతుకు కదల్లేదు. సూర్రావు అక్కడే కూలబడి ఏడ్చాడు.

మర్నాడు పొద్దున్నే వీరలక్ష్మి గట్టు మీద, కొత్త పాదాలు అతికిన వాకరు పట్టుకుని నించుంది. వెనకాలే సూర్రావు, రెండు చేతులూ చాచి. అవతలి గట్టున మేత బస్తాలు దించేవాళ్ళు పని ఆపి చూస్తున్నారు.

"ఏవండీ, ఆ చేతులు తియ్యండి," అందావిడ మెల్లిగా.

"పడతావేమోనే."

"మీ అతుకు మీద మీకే నమ్మకం లేదనుకుంటారండీ వాళ్ళు."

సూర్రావు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆవిడ తలవంచి కింది అతుకుల్ని ఒకసారి చూసుకుంది. ఆపైన బరువంతా వాకరు మీదే వేసి అడుగు వేసింది.