లస్మవ్వ పట్టుకపోయే తువ్వాలలు

మొదటి షిఫ్టు సైరన్ మోగేసరికి మల్లక్క బొగ్గుల పొయ్యి మీద పెంక పెట్టి రాళ్ల ఉప్పు వేయిస్తూ ఉండేది. ఉప్పు చిటపటలాడగానే పాత చీర గుడ్డలో మూటగట్టి, మంచంలో ఉన్న పెనిమిటి కాలికి కాపడం పెట్టేది. అప్పట్లో గోదావరిఖనిలో ఆ క్వార్టర్లు కొత్తవి. గోడకు ఆనుకుంటే సున్నం వీపుకు అంటేది.

బుచ్చన్న బొగ్గుగనిలో కప్పు కూలకుండా కింద కర్ర దిమ్మెలు నిలిపే పనివాడు. నిరుడు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మొదట మెత్తగా వేలాడిన పక్క, నెల తిరిగేసరికి బిగుసుకోవడం మొదలుపెట్టింది. చెయ్యి ఎదకు ముడుచుకుంది. కాలు రోకలిలా చాచుకుపోయి మోకాలు వంగనని మొరాయించింది. దవాఖాన డాక్టరు సూదులతో పనిలేదన్నాడు. వేడి పెట్టి, మెల్లగా సాగదీయమన్నాడు.

సాగదీయడానికి పట్టాల అవతలి గుడిసెల నుంచి ముసలి లస్మవ్వ వచ్చేది. "రాజన్నా" అని దేవునికి మొక్కుకుని మడమను అరచేతిలోకి తీసుకునేది. బుచ్చన్న ఊపిరి విడిచినప్పుడల్లా గింజంత మేర వంచేది.

"జల్ది గుంజితే కాలు ఎదురు తిరుగుతది బిడ్డా," అనేది.

చివరికి తొడ మీద ఒకటి, పిక్క మీద ఒకటి తడి తువ్వాలలు పరిచేది. కాలిలోని బిగువు వాటిలోకి దిగేది. కాలు వంగేది, తువ్వాలలు కర్రల్లా నిలబడేవి. తడి ఆరేదాకా, అంటే పొద్దుగూకేదాకా, అట్లాగే ఉండేవి. మర్నాటికి కాలు మళ్లీ బిగుసుకునేది.

"మల్లక్కా, మా కోళ్ల గూడు ఒరిగింది. ఇయ్యాల్టి తువ్వాల ఒకటియ్యరాదు, ఆసరా పెడ్త," అంది ఒకనాడు పక్కింటి పూలమ్మ.

"నన్నడుగుతవేంది? అవి లస్మవ్వ పట్టుకపోతది. తెల్లారి ఉతికి తెస్తది."

"రోజూనా? ఏం చేసుకుంటదట?"

"అడిగితే నవ్వుతది."

"కూలేమిస్తున్నవ్?"

"ఏం తీస్కోదు. చాయ గూడ తాగదు."

పూలమ్మ చాటలో బియ్యం చెరగడం ఆపింది. "చాయ గూడ తాగదా? అయితే ఏదో ఉన్నదక్కా."

ఆ మాట మల్లక్కను వదల్లేదు. ఆ రోజే పెనిమిటి పిక్కకు నల్లదారం చుట్టి ముడి వేసి దాచింది. నెల తర్వాత అదే దారం చుట్టి చూస్తే వేలు దూరేంత వదులు. బిగువు పేరు చెప్పి ముసలిది బలం కూడా పట్టుకపోతున్నదా? అప్పటి నుంచి లస్మవ్వ చేతుల మీద నుంచి ఆమె చూపు కదల్లేదు.

ఇంతలో గని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. శుక్రవారం పదింటికి బుచ్చన్న డాక్టర్ల ముందు కుర్చీలోంచి లేచి పది అడుగులు నడవాలి. నడిస్తే ఏదో ఒక డ్యూటీ. నడవకుంటే నౌకరీ పోతుంది, క్వార్టరు ఖాళీ చెయ్యాలి.

శుక్రవారం పొద్దున లస్మవ్వ సగంలో చేతులు తుడుచుకుంది.

"ఇయ్యాల గింతే. కొంచెం బిగువు ఉండనియ్యాలె."

"ఎవరి కోసం ఉంచుతున్నవవ్వా? రేపటికి నీకు దొరకదనా?"

"ఆయన నిలబడుటానికి బిడ్డా."

"నిలబడుతడు. కుర్చీల కూసోవద్దా? మోకాలింకా సక్కగ వంగుతలేదు. అంతా తియ్యి."

లస్మవ్వ బుచ్చన్న వైపు చూసింది. బుచ్చన్న పెండ్లాం ముఖం చూసి గోడవైపు తిరిగాడు. లస్మవ్వ అంతా తీసేసింది. ఇనుప చువ్వల్లా అయిన తువ్వాలలను చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

బుచ్చన్న పది నెలల తర్వాత మొదటిసారి రెండు మోకాళ్లూ మడిచి కూర్చున్నాడు. మల్లక్క కళ్లు తుడుచుకుని, చెయ్యి పట్టి లేపింది. దండెం మీంచి తడిచీర జారినట్టు అతను కుప్పకూలాడు.

"కప్పు కింది దిమ్మెలన్నీ ఒక్కసారే గుంజరే," అన్నాడు నేల మీంచే. "ఒక్కటన్న ఉంచాలె. నా పనే అది, నాకే యాదికి రాలే."

"నోరు తెరిచి అప్పుడే చెప్పొద్దా?"

"నువ్వు చెప్పనిస్తివా?"

మల్లక్క కొంగు బిగించి పట్టాల అవతలి గుడిసెల వైపు ఉరికింది. నోటికి రాకూడని మాటలన్నీ నాలుక చివర పేర్చుకుంటూ పోయింది. లస్మవ్వ గుడిసె తలుపు ఓరగా ఉంది.

లోపల లస్మవ్వ కూతురు సారలమ్మ దేవుని గూట్లో దీపం వెలిగిస్తోంది. మూడో ఏట జ్వరం వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడిన పిల్ల. ఇరవై ఏళ్లొచ్చినా చేతుల మీద పాకడమే ఎరుగుదురందరూ. ఇప్పుడు నిలబడి ఉంది. ఒక్కో కాలికి ఒక్కో తువ్వాల, పైన నులక తాడు కట్టు.

"ఇయ్యాల మస్తు గట్టిగున్నయే అవ్వా, వత్తి అందింది," అంటోంది సారలమ్మ.

మల్లక్క గడప మీదే ఆగి ఆ తువ్వాలలను చూసింది.

"అడిగితే ఇయ్యవనుకున్న బిడ్డా," అంది లస్మవ్వ మూలనుంచి.

"అడిగి చూసినవా?"

ముసలామె లేచొచ్చి కూతురి పక్కన నిలబడింది.

"ఆయన లేస్తలేడు," అంది మల్లక్క. "పదింటికి డాక్టర్లు."

సారలమ్మ గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారింది. కుడికాలి తాడు విప్పింది.

"ఒకటి సాలునా అక్కా?"

మల్లక్క అప్పుడు కూడా ఆ తువ్వాలను ఇటూ అటూ తిప్పి, తమదేనా అని అంచు చూసుకుంది. "సాలు," అంది.

ఇంటికి తెచ్చి బుచ్చన్న పిక్కకు చుట్టగానే బిగువు మళ్లీ కాలిలోకి ఎక్కింది. మోకాలు కొంత వంగింది, కొంత ఆగింది. డాక్టర్ల ముందు బుచ్చన్న చేతికర్రతో, కుడిమడమతో నేలను తట్టి చూసుకుంటూ పది అడుగులు నడిచి, ఎవరూ అడక్కుండానే పదకొండోది వేశాడు. గనిలోకి దిగొద్దని రాశారు. దిగేవాళ్లకు దీపాలందించే గదిలో కూర్చునే డ్యూటీ ఇచ్చారు. క్వార్టరు నిలిచింది.

మర్నాటి నుంచి లస్మవ్వ సగమే తీసేది. తువ్వాలలు మాత్రం మల్లక్కే స్వయంగా గుడిసెకు మోసేది. పుణ్యం కోసం కాదు, దారిలో ఇంకెక్కడికీ పోకుండా కళ్లారా చూసుకోవాలని.

వానలు పడే నాటికి సారలమ్మ బిందె పట్టుకుని నల్లా దగ్గరికి నడిచొచ్చింది. కుడిపాదం మోపే ముందు మడమతో నేలను రెండుసార్లు తట్టి చూసి, అప్పుడు బరువు వేస్తోంది. అచ్చం బుచ్చన్న నడక. మల్లక్క కళ్లు చిన్నవి చేసి ఆ కాళ్లనే చూసింది.

"ఆ తట్టుడు ఎవరు నేర్పిన్రే నీకు?"

"ఎవరు నేర్పలేదక్కా. కాలే గట్ల పోతది, నేనేం జేస్త?"

మల్లక్కకు నమ్మకం కుదరలేదు. ఇంకాసేపు చూసింది. తర్వాత వరుసలో ముందున్న తన బిందెను పక్కకు జరిపి, సారలమ్మ బిందెను అక్కడ పెట్టింది. తువ్వాలల తడి ఆరేలోగా ఆ కాళ్ల మీద ఎంతసేపు నిలబడొచ్చో ఆ వరుసలో మల్లక్క ఒక్కదానికే తెలుసు.