మూడు షిఫ్టుల ప్రోగ్రాం

"నా పేరొచ్చింది గదా. ఇంకేటి కావాల నీకు?" అన్నాడు బావ ఎల్లారావు, నా చేతిలోని ప్రింటు కాగితం చూసి. మేనత్త కొడుకునే చేసుకున్నాను కాబట్టి పెళ్లయ్యాక కూడా బావా అనే పిలుస్తాను.

ఇది 2002లో సంగతి. కంచరపాలెంలో ఒక మేడ మీది కంప్యూటర్ సెంటర్లో సీ లాంగ్వేజి నేర్చుకుంటున్నాను. దేవి మేడం ఇచ్చిన పని ఏమిటంటే, ఒక ఫైల్లో మనుషుల పేర్లుంటాయి, ఇంకో ఫైల్లో వారం డ్యూటీలు. ఒక్కో పేరూ తీసుకుని, డ్యూటీల ఫైలంతా వెతికి, ఎవరిది ఏ రోజు ఏ షిఫ్టో అచ్చు వెయ్యాలి. లూపు లోపల ఇంకో లూపు. పేర్ల కోసం ఎక్కడికీ పోలేదు. బావ, మరిది సింహాద్రి, మావయ్య దాలయ్య, ముగ్గురూ స్టీల్ ప్లాంటులోనే, ఏ వారమూ ముగ్గురి షిఫ్టూ ఒకటి కాదు. బావ డ్యూటీలు వరసగా వచ్చాయి. మిగతా ఇద్దరి పేర్ల కిందా ఖాళీ.

శనివారంలోగా అది నడవకపోతే క్లాసు మానెయ్యాలని ఇంట్లో తీర్పు అయిపోయింది. అత్త మెత్తగానే చెప్పింది, తనకి నడుం లేవడం లేదట, కోడలు పోయి ఆ పెట్టె ముందు కూర్చుంటే పొయ్యి దగ్గర ఎవరుంటారట. నాకు ఒళ్లు మండింది. క్లాసులో కూర్చునే ఆ రెండు గంటలూ పోతే రోజు మొత్తంలో నాదంటూ ఏమీ మిగలదు.

శుక్రవారం పొద్దున్నే ఎ షిఫ్టుకి బావకి క్యారియర్ కట్టి పంపాను. గిన్నెలు తోమి, పొయ్యి తుడిచి, మధ్యాహ్నం బి షిఫ్టుకెళ్లే మావయ్య కోసం మళ్లీ బియ్యం కడుగుతుంటే చెయ్యి ఆగిపోయింది. బావ కోసం వెతకడం అయ్యేసరికి ప్రోగ్రాం ఫైలు చివరికి చేరిపోయింది. సింహాద్రి వంతు వచ్చినా అక్కడే నిలబడిపోయింది. మళ్లీ మొదటి వరసకి వెళ్లమని నేను చెప్పలేదు మరి. ఒక్కో మనిషి వంతు అయ్యాక ఇంటినంతా మొదటికి తెచ్చిపెట్టేది నేనే అయ్యుండీ, ఆ పని దానంతటదే అయిపోతుందని మా ఇంటి మగవాళ్లలాగే నేనూ అనుకున్నాను. నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది.

సెంటర్‌కి వెళ్లి, లోపలి లూపు మొదలయ్యే ముందు ఫైలుని వెనక్కి తిప్పే ఒక్క వరస రాశాను. ముగ్గురి డ్యూటీలూ గడగడా వచ్చేశాయి. మేడం చూసి, ఇకనుంచి ఆదివారం ప్రాక్టికల్స్‌కి కూడా రమ్మంది. నేను కుర్చీలోంచి లేవలేదు. పేర్ల ఫైల్లో నాలుగో పేరు చేర్చాను, సూర్యకళ అని. డ్యూటీల ఫైల్లో సోమవారం నుంచి శనివారం దాకా నాకు మూడు షిఫ్టులూ వేసుకున్నాను. ఆదివారం ఎదురుగా ఆఫ్ అని కొట్టాను.

అది అచ్చు వేసి, ఆ కాగితం ఇంటికి తెచ్చి వంటింటి తలుపుకి అంటించాను. బావ నా పేరు కింది వరసలన్నీ వేలు పెట్టి చదివాడు.

"అయితే ఆదోరం వంటెవులు సేత్తారు?" అన్నాడు.

"సరిగ్గా సూడు బావా. ఆ రోజు నీకూ ఆఫే."