పలుపుతాడు

చెంపదెబ్బ చప్పుడు కాయల రాశి దగ్గరున్న వీర్రాజుకి వినబడింది. గునపం మీద సగం వలిచిన కొబ్బరికాయను వదిలేసి పరుగెత్తాడు.

తల్లి అచ్చయమ్మ చెంప పట్టుకుని బోదె కాలవ గట్టున కూలబడి ఉంది. పక్కన గిన్నెలో గంజి ఒలికిపోయింది. తొంభై ఆరు తుఫానులో చెట్టు మీదపడి పోయిన మొగుడికి ఆమె ఇంకా గంజి మోసుకొస్తూనే ఉంది. మతి పోయిందని ఊరంతా ఎరుగుదురు.

"పైన కాయల దింపు జరుగుతోంది. కాయ నెత్తినపడితే కేసు నామీదకొస్తుంది. దీన్ని కట్టేసుకుంటావా, పని మానేస్తావా?" తోట ఆసామి మాణిక్యాలరావు గొడ్ల పలుపుతాడు వీర్రాజు కాళ్ళ దగ్గరికి విసిరాడు.

తుఫాను సగం చెట్లను పడగొట్టింది. ఈ తోట కాదంటే మరో తోటలో పని దొరకదు.

వీర్రాజు తల్లి జబ్బ పట్టి లేపాడు. "ఇంటికి పదవే!"

"మా ఆయన ఆకలికాగడండి. ఎక్కడున్నాడండి?"

"సచ్చిపోయేడే! ఎన్నిసార్లు సెప్పాలి? నేనే కొరివెట్టేను!"

ఆ కబురు అచ్చయమ్మకు అప్పుడే తెలిసింది. నిన్న కూడా అప్పుడే తెలిసింది. గుండెలు బాదుకుంటూ నేలమీద పొర్లింది.

"దాని నోరు ముయ్యించరా!" అరిచాడు మాణిక్యాలరావు.

వీర్రాజు కొట్టాడు. చేతికి దొరికిన కొబ్బరిమట్టతోనూ కొట్టాడు. ఆమె ముక్కులోంచి రక్తం కారింది. ఎవరిమీద కోపమో అతనికే తెలియలేదు; చెయ్యి మాత్రం ఆగలేదు.

అచ్చయమ్మ పాకి వచ్చి అతని కాళ్ళు చుట్టేసింది. "నన్ను కొట్టండి బాబుగారూ! మా ఈర్రాజుని వదిలెయ్యండి. ఆడు కాయ తియ్యలేదండి, నేనే తీసేనండి. పసోడండి బాబూ!"

మట్ట గాలిలో ఆగిపోయింది. చిన్నప్పుడు, ఇదే తోటలో, మాణిక్యాలరావు తండ్రి మట్ట ఎత్తితే తన మీద బోర్లా పడుకుని దెబ్బలన్నీ కాచుకుంది ఈమే. ఆనాడు కాయ తీసింది మాత్రం తనే.

మట్ట పారేసి చతికిలబడ్డాడు. నేనే ఈర్రాజునమ్మా అనబోయాడు. భయంతో బిగుసుకుపోయిన ఆ మొహం చూసి ఆ మాట మింగేశాడు.

"కొట్టనండి. మీవోణ్ణి ఎవరూ కొట్టరండి."

"ఒట్టేనాండి?"

"ఆయ్, ఒట్టండి."

"ఆడు అన్నం తిన్నాడాండి?"

"తిన్నాడండి. మీరే ఎట్టేరు కదండి."

ఆమె ఒళ్ళు మెల్లగా సడలింది. అతను తలగుడ్డ విప్పి రక్తం తుడుస్తుంటే కదలకుండా తుడిపించుకుంది.

"తాడు తీసి కట్టరా," అన్నాడు మాణిక్యాలరావు.

"కట్టనండి."

"అయితే రేపట్నించి రాకు."

"ఆయ్," అన్నాడు వీర్రాజు. తల్లిని వీపు మీదికి ఎత్తుకుని గట్టు వెంబడి నడిచాడు.

ఆమె ముక్కునుంచి ఇంకా కారే రక్తం అతని మెడ మీద వెచ్చగా పడుతోంది.

"మంచోరండి మీరు," అంది అచ్చయమ్మ అతని చెవి దగ్గర. "ఎవరబ్బాయండి?"