పక్కవీధి సాయంత్రాలు

పార్థసారథికి ఐదో వీధిని చూస్తే కన్నుకుట్టేది. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి ఒక వీధి మీద ఈర్ష్య పడతాడని ఎవరైనా అంటే, నెల కిందటి దాకా ఆయనే నవ్వేవాడు.

రాయదుర్గంలో ఆఫీసులు వదిలే వేళకు పెద్ద రోడ్డు మీద సిగ్నల్ దాటడం గగనం. అందుకని కార్లన్నీ కాలనీ వీధుల్లోకి చొరబడేవి. ఐదో వీధిలో ఉండే అబ్రహాం మాస్టారు పట్టుబట్టి, కాలనీ సంఘాన్ని ఒప్పించి, తన వీధి మొదట్లో బావులకు వాడే సిమెంటు ఒరలు అడ్డంగా పెట్టించాడు. వాటినిండా మట్టి పోసి గన్నేరు నాటించాడు. ఒరల సందులో మనిషి పడతాడు, సైకిలు పడుతుంది, కారు మాత్రం పట్టదు. చెత్తబండైనా అంబులెన్సైనా అవతలి చివర నుంచి రావాల్సిందే. నెల్లాళ్ళు చూసి, ఉంచాలో తీసెయ్యాలో తేలుద్దామని సంఘం అంది.

ఐదో వీధి చల్లబడింది. అక్కడ దారి దొరకని కార్లన్నీ పార్థసారథి ఉండే నాలుగో వీధి మీద పడ్డాయి.

హారన్ల గోలైతే ఆయన ఎలాగో ఓర్చుకునేవాడు. ఓర్చుకోలేనిది వేరే ఉంది. భార్య అమ్మణ్ణి పోయినప్పటి నుంచి ఆయన సాయంత్రాలకు కాస్త వెలుగంటూ ఉంటే అది కాలనీలోనే ఉండే లీదియా. నర్సుగా చేసి రిటైరైన ఆమెకూ భర్త లేడు. నడకకు వచ్చినప్పుడు గేటు దగ్గర ఆగి, రెండు రెబ్బలు కరివేపాకు తుంచుకుని, నాలుగు మాటలాడి వెళ్ళేది. ఆ నాలుగు మాటల కోసం ఆయన మధ్యాహ్నం లేచి మళ్ళీ గడ్డం గీసుకునేవాడు. ఇప్పుడామె నడక పక్కవీధికి మారిపోయింది.

"నడకొక్కటే కాదు సార్," అన్నాడు కాలనీ వాచ్‌మన్ ఎల్లేశం. "అబ్రహాం సారు ఆమెకు సైకిల్ గూడ నేర్పిస్తుండు. ఎనక సీటు పట్టుకొని ఒకటే ఉరుకుడు. ఈ ముసలి ఉమర్ల ఆయనకేం జోరు సార్!"

అబ్రహాం కూడా ఒంటరివాడే. ఆ పూట పార్థసారథి కాఫీ తాగలేదు.

నెల తిరిగింది. ఒరల సంగతి తేల్చే మీటింగు ఆదివారం. ముందురోజు సంఘం సెక్రటరీ రవికిరణ్ వచ్చాడు. "అంకుల్, ట్రాఫిక్ అంతా మీ వీధికే షిఫ్ట్ అయింది కదా. మీ వాళ్ళు అభ్యంతరం చెప్తే ఒరలు తీసేస్తాం. అందరి తరఫునా మీరే మాట్లాడాలంటున్నారు."

"నాకెవరి మీదా కోపం లేదు బాబూ. సమస్య ట్రాఫిక్‌దే," అన్నాడు పార్థసారథి. లోపల మాత్రం నాలుక మీద బెల్లం ముక్క కరుగుతున్నట్టుంది.

మాట్లాడే ముందు ఒకసారి స్వయంగా పరిశీలించడం ఇంజనీరు ధర్మం అని తనకు తాను చెప్పుకుని, ఆ సాయంత్రం ఐదో వీధికి వెళ్ళాడు. నడిరోడ్డు మీద కుర్చీలు వేసుకుని ఇద్దరు ఆడవాళ్ళు చిక్కుడుకాయలు వొలుస్తున్నారు. ఎవరింట్లోనో కుక్కరు కూత వినిపించింది. తన వీధిలో కుక్కరు కూత విని ఎన్నాళ్ళయిందో.

లీదియా వస్తోంది. చున్నీ నడుముకు బిగించి, పెదవి కొరుక్కుంటూ, హ్యాండిల్ వైపే చూస్తూ. వెనక అబ్రహాం పరిగెడుతున్నాడు. పార్థసారథి చూపు నేరుగా ఆ చేతి మీదకు పోయింది. చెయ్యి సీటును పట్టుకుని లేదు. జానెడు దూరంలో, గాలిలో ఉంది. ఇన్నాళ్ళూ తన నిద్ర పాడుచేసిన చెయ్యి నిజానికి దేన్నీ పట్టుకోలేదు. ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ వెంటనే ఇంకా మండింది. పట్టుకోకపోయినా ఆమె నమ్మిందంటే, అది పట్టుకోవడం కన్నా పెద్దది కదా.

"ఏంది సార్, మా దిక్కు తొవ్వ మరిచిపోయిండ్రా?" ఒరకు కాలు తన్ని నిలబడి రొప్పుతూ అడిగింది లీదియా.

"మీరే మా ఇల్లు మరిచారు."

"మరిచిపోలే సార్. మొన్న మంగళారం కరేపాకుకని వచ్చిన. మీ గేటు కనబడుతనే ఉండె. ఒక కారు అద్దం ఇగో, గిక్కడ తగిలింది." మోచెయ్యి చూపించింది. అక్కడ ఇంకా నల్లగా కమిలి ఉంది. "పానం గుబులుగుబులై వాపసు పోయిన."

వచ్చింది. గేటు కనిపించేదాకా వచ్చింది.

"రేపు ఒరలు తీయించేస్తారటగా మీరు?" అన్నాడు అబ్రహాం నెమ్మదిగా. "తీసేస్తే మా లీదియమ్మ మళ్ళీ ఇంట్లో కూర్చోవాలండి."

'మా' అన్న మాట పార్థసారథి చెవిలో ముల్లులా దిగింది.

మర్నాడు మీటింగులో లేచి నిలబడ్డాడు. "ఐదో వీధి ఒరలు ఉండాలండి. మాకూ కావాలి. అన్ని వీధులకూ పెడితే కార్లు పెద్ద రోడ్డు మీదే పోతాయి."

నాలుగో వీధి వాళ్ళు గొల్లుమన్నారు. "మీరు తీయించమంటారనుకుంటే ఇదేమిటండీ!" అంది పక్కింటి వసంత. "మా గేటు ముందు పెడితే ఒప్పుకోను. మా కారెలా తిప్పాలి? అసలు అది వాస్తుకే మంచిది కాదు."

"మా గేటు ముందే పెట్టండి. వీధిలో మొదటి ఇల్లు మాదే."

"మరి మీ కారు?"

"చుట్టూ తిరిగి పోతాను. తొందరపడి వెళ్ళవలసిన చోటు నాకేముందండీ?"

అందరికన్నా ముందు చప్పట్లు కొట్టినవాడు అబ్రహాం. దానికి కూడా ఆయనే ముందా అనుకున్నాడు పార్థసారథి.

ఒరలు వచ్చాయి. అబ్రహాం గన్నేరు అంట్లు పంపిస్తానంటే వద్దని, పార్థసారథి నందివర్ధనం తెచ్చి నాటాడు. కార్లు ఆగిపోయిన మొదటి సాయంత్రం ఉతికిన చొక్కా తొడుక్కుని, కరివేపాకు కోసి పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

ఒరల సందులోంచి సైకిలు దూసుకొచ్చింది.

"ఆపుడు రాదు సార్! జరుగుండ్రి!" అని కేకేస్తూ లీదియా గేటు దాటి ముందుకు వెళ్ళిపోయింది.

వీధి చివర ఎలాగో తిరిగి మళ్ళీ ఇటే వస్తోంది. పార్థసారథి గబగబా నడిరోడ్డు మీదకు వెళ్ళి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. వెనక ఏ హారనూ మోగలేదు. హ్యాండిల్ వచ్చి ఆయన అరచేతుల్లో ఆగింది. ఆమె నవ్వుకు ఊపిరి చాలడం లేదు.

"మాస్టారు బ్రేకు పట్టడం చెప్పలేదా?"

"వచ్చే వారం నేర్పిస్తా అన్నరు."

అబ్రహాం ఇంకా ఒరల దగ్గరే ఉన్నాడు. నడుం మీద చేతులేసుకుని ఒగరుస్తున్నాడు.

"వచ్చే వారం దాకా ఎందుకండీ," అన్నాడు పార్థసారథి, ఆయన వచ్చి చేరేలోపే. "రేపు నేను నేర్పుతాను."