ఉతకని చొక్కాలు

పొద్దున్న ఏడున్నరకల్లా జానకీదేవి నోయిడాలోని తన అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఆఫీసు క్యాబ్ కోసం నిలబడి ఉంటుంది. ఇంట్లోంచి బయటపడే ముందు ఆమె చేసే ఆఖరి పని బీరువా తలుపు కాస్త తీసి నోరు ముయ్యమని లోపలికి "చుప్" అనడం. భర్త శేషగిరికి కొత్త చొక్కాలు కొనడం మీద ఉన్న సరదా వాటిని ఉతికించడం మీద లేదు. ఉతకని బట్ట ఊరుకోదు కదా. కుట్టినవాళ్ల గొంతుతో, కుట్టేటప్పుడు వాళ్ల మనసులో ఏముంటే అది గొణుగుతూనే ఉంటుంది. మెడ పట్టేసిందనీ, టీ ఇంకా రాలేదనీ, పిల్లకి జ్వరం తగ్గిందో లేదోననీ. ఒక్కసారి నీళ్లలో పడిందా, ఇక నోరెత్తదు. ఈలోగా "చుప్" అంటే ఓ పూట సర్దుకుంటుంది. ఢిల్లీలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే ఇది.

విదేశాలకి బట్టలు పంపే కంపెనీలో జానకీదేవి ఉద్యోగం. ఆ బట్టలు కుట్టే ఫ్యాక్టరీలకి వెళ్లి, అక్కడెవరినీ బలవంతంగా ఉంచి పని చేయించడం లేదని చూసి సంతకం పెట్టాలి. దానికో ఫారం, అందులో నలభై రెండు ప్రశ్నలు. మరుగుదొడ్లున్నాయా, తలుపులకి బయటనుంచి తాళాలున్నాయా, గుర్తింపు కార్డులు ఎవరివి వాళ్ల దగ్గరే ఉన్నాయా, ఇలాంటివి. ముప్పై ఎనిమిదో ప్రశ్న: బట్ట ఏమైనా మాట్లాడిందా? పదకొండేళ్లుగా ఆవిడ ఆ గడిలో "లేదు" అని రాస్తోంది. అబద్ధమేమీ కాదు. ఆవిడ వెళ్లేసరికి బట్టలన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, బుద్ధిగా మడతల్లో పడుకుని ఉండేవి.

ఈసారి ఆర్డరు వేరు. గంజి బిరుసు పోకూడదు, ఉతకని చొక్కాలే పంపమన్నారు కొనేవాళ్లు. ఫరీదాబాద్ ఫ్యాక్టరీ మేనేజరు మల్హోత్రా జానకీదేవికి ఒకడుగు ముందు నడుస్తూ, ఒక్కో కట్ట మీద చెయ్యేసి "చుప్" అంటున్నాడు. హిందీవాళ్లు కుట్టినా, భోజ్‌పురీవాళ్లు కుట్టినా, బెంగాలీవాళ్లు కుట్టినా ఆ ఒక్క మాట అందరికీ ఒకటే. కట్టలన్నీ వరసగా నోరు మూసుకుంటున్నాయి. జానకీదేవి ఫారంలో ముప్పై ఏడో గడి దాకా వచ్చింది.

ఆఖరి కట్ట పైనున్న నీలిగళ్ల చొక్కా మాత్రం గొంతు సవరించుకుంది.

"సెప్తన్నాను బాబూ, సెప్తన్నాను."

మల్హోత్రా గట్టిగా కసిరాడు. "చుప్!"

"సెప్పమంటే సెప్తన్నాను కదా బాబూ. నా పేరు పైడితల్లి. మాది బొబ్బిలి అవతల."

జానకీదేవి పెన్ను ఆగిపోయింది. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ బొబ్బిలిలోనే. బట్టకి, కుట్టిన మనిషి తల్లిభాష తప్ప ఇంకో భాష రాదు. నోరు ముయ్యమని మల్హోత్రా అన్న మాట ఆ చొక్కాకి "చెప్పు" అని వినబడింది. అడిగినవాడు ఇన్నాళ్లకి దొరికాడని సంబరంగా చెప్పుకుపోతోంది.

ఫ్యాక్టరీ రిజిస్టరులో నాలుగొందల పేర్లున్నాయి. ఆవిడ పొద్దున్నే అన్నీ చదివింది. అందులో తెలుగు పేరు ఒక్కటీ లేదు. అంటే ఈ చొక్కా ఇక్కడ కుట్టింది కాదు.

"క్యా బోల్ రహీ హై, మేడమ్?" అన్నాడు మల్హోత్రా. ఏమంటోందని.

"గానా గా రహీ హై," అందావిడ, పాట పాడుతోందని. అబద్ధం అంత సులువుగా నోటికొచ్చినందుకు తనకే ఆశ్చర్యమేసింది. "ఉండండి, నేను ఊరుకోబెడతాను."

వంగి, కాలరు దగ్గర నోరు పెట్టి, మెల్లిగా, ఎంతో ఆపేక్షగా "చుప్" అంది.

"మేం పదకొండు మందిమి ఆడగుంటలం, అమ్మా. మిసను పని నేర్పుతామని తెచ్చి తలుపుకి బయటనుంచి తాళం ఏసేసినారు. ఎనిమిది నెల్లయిపోనాది."

"చుప్."

"ఆధారు కార్డులు, పోన్లు ఆలకాడే ఉన్నాయి. మాయమ్మకి నానున్నానో నేదో తెల్దు."

"చుప్," అంది జానకీదేవి మళ్లీ.

"కిటికీలోంచి ఎదర మేడ కనబడతాది. దాని మీద నీళ్ల టేంకు బంతినాగుంటాది. రైలెల్తే మిసన్లన్నీ అదురుతాయి."

మల్హోత్రాకి విసుగొచ్చింది. "పొగరు కట్ట మేడమ్ ఇది. నీళ్లలో ముంచేస్తే సరి."

"వద్దు. దీన్ని శాంపిల్ కింద నేను తీసుకెళ్తాను," అని ఆవిడ చొక్కాని సంచీలో పెట్టుకుని బయటికొచ్చేసింది.

గేటు బయట నిలబడి తన పై అధికారి సుధీర్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. ఆర్డరు పెద్దదవడంతో మల్హోత్రా కొంత పని ఎవరికో అప్పగించి ఉంటాడని ఇద్దరికీ అర్థమైంది.

"జానకి గారూ, గురువారం షిప్‌మెంట్. చిన్న లోపం, అబ్జర్వేషన్ అని రాసి వదిలెయ్యండి. నేను మల్హోత్రాకి ఇప్పుడే ఫోన్ చేసి గట్టిగా అడుగుతాను."

"చెయ్యకండి సుధీర్ గారూ. మీరు ఫోన్ చేసిన గంటలో ఆ గది ఖాళీ అయిపోతుంది. ఆ పిల్లల్ని ఇంకెక్కడికి తోలేస్తారో మనకి ఈ జన్మకి తెలీదు."

"మీ ఊరివాళ్లనేసరికి మీరు ఎమోషనల్ అవుతున్నారు."

"అవుతున్నాను. పదకొండేళ్లలో ఎవరి ఊరివాళ్ల నోళ్లు మూయించి 'లేదు' అని రాశానో అనుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను."

సుధీర్ గొంతు తగ్గించాడు. "సాయంత్రం దాకా నాకు మీ ఫోన్ రాలేదు. సరేనా?"

ఆవిడ ముప్పై ఎనిమిదో గడిలో "మాట్లాడింది" అని రాసి, లేబర్ ఆఫీసరు దగ్గరికి వెళ్లింది. ఆ ఆఫీసరు నడివయసు హర్యానా ఆవిడ. చొక్కాని బల్ల మీద పరిచి, జానకీదేవి హిందీలో చెబుతుంటే రాసుకుని, ఇద్దరు పోలీసుల్ని వెంటబెట్టుకుని లేచింది. రైలు పట్టాల వెంబడి సందులన్నీ తిరిగితే, మధ్యాహ్నం మూడు గంటలకి ఒక మేడ మీద ఫుట్‌బాల్ ఆకారంలో నీళ్ల ట్యాంకు కనిపించింది. దానికెదురుగా ఉన్న ఇంట్లో, రెండో అంతస్తు తలుపుకి అరచెయ్యంత తాళం.

"ఊపర్ కోయీ నహీ హై," అన్నాడు వాచ్‌మన్. పైన ఎవరూ లేరట.

మెట్లెక్కుతుంటే వినబడిన మిషన్ల చప్పుడు టక్కున ఆగిపోయింది.

"లోపల మనిషి గొంతు నా చెవులతో వింటేనే తాళం పగలగొట్టించగలను," అంది ఆఫీసరు. "లేదంటే కోర్టు కాగితం తెచ్చుకోవాలి. రేపవుతుంది."

రేపటికి ఇక్కడెవరూ ఉండరని జానకీదేవికి తెలుసు. తలుపు బాదింది. "పైడితల్లీ! చెప్పమ్మా! చెప్పు! భయం లేదు, చెప్పు!"

"సెప్తన్నాను అమ్మా," అంది సంచీలోంచి చొక్కా. తలుపు అవతల మాత్రం ఊపిరి చప్పుడు కూడా లేదు.

ఆఫీసరు తల అడ్డంగా ఊపింది. తాళం పగలగొట్టడానికి చొక్కా మాట చాలదంది.

అప్పుడు జానకీదేవికి తట్టింది. చొక్కాకి హిందీ రాదు గానీ ఆ పిల్లలకి ఎనిమిది నెలలుగా "చుప్" అన్న ఆ ఒక్క మాట బాగా నేర్పి పెట్టారు. తలుపు ఇవతల నుంచి తను ఎంత ప్రేమగా "చెప్పు" అన్నా వాళ్ల చెవిలో పడుతున్నది "చుప్". బయట నిలబడి వాళ్ల నోళ్లు మూయిస్తున్నది తనే. ఆవిడకి ఏడుపొచ్చింది.

తలుపుకి చెంప ఆనించింది. ఇరవై ఏళ్లుగా ఎవరూ నవ్వకూడదని దాచేసుకున్న యాస ఎక్కడినుంచి వచ్చిందో గాని వచ్చింది.

"ఓలమ్మా, పైడితల్లీ! నాను బొబ్బిలి గుంటనే. తలుపుకాడికొచ్చి పలకవే, నా తల్లే!"

కాసేపటికి లోపల ఎవరో కాళ్లీడ్చుకుంటూ వచ్చారు.

"బొబ్బిల్లో ఏ ఈది?" అంది ఒక సన్నటి గొంతు.

"రైలుటేసను ఎనకాల ఈదే!" అంది జానకీదేవి, ఏడుస్తూ నవ్వుతూ. ఆఫీసరు పోలీసుకి సైగ చేసింది. మూడు దెబ్బలకి తాళం ఊడింది.

పదకొండు మందీ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లు దిగారు. కింద గదిలో బీరువా తెరిపించి, ఆఫీసరు కార్డులు ఒక్కొక్కటే పేరు పిలిచి ఇచ్చింది. పైడితల్లికి ఇరవై ఏళ్లుంటాయేమో. కార్డు మీద ఫొటో చూసుకుని, చున్నీ అంచుకి మూట కట్టుకుంది. ఊరికి వెళ్తావా, ఇక్కడే మంచి చోట పని చూసుకుంటావా, వాంగ్మూలం ఎప్పుడిస్తావు అని ఎవరెవరో అడుగుతున్నారు. ఆ పిల్ల దేనికీ జవాబివ్వలేదు. తెరిచి ఉన్న వీధి గేటు వంకే చూస్తోంది.

"అమ్మా, ఆ మూల దాకా ఎల్లొచ్చా?" అని జానకీదేవిని అడిగింది.

"నన్నడగక్కర్లేదమ్మా."

పైడితల్లి గేటు దాటి సందు మూల దాకా నడిచింది. ఎండలో ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగి వచ్చి గేటు లోపల నిలుచుంది. ఎవరూ ఏమీ అనలేదు. అందరి ముఖాలూ ఒకసారి చూసి, మళ్లీ బయటికి నడిచింది. ఈసారి ఎవరినీ అడగలేదు.