పేరు లేని నగ

కాసులపేరు అడిగినందుకు రామేశ్వరమ్మకు అంత కోపం రాలేదు. అడిగిన తీరుకే ఒళ్ళు మండింది.

"నీకెందుకమ్మా ఇంగ అది? పెట్టెలో మూలుగుతాంటే నీకేమొస్తాది?" అన్నాడు గంగులయ్య.

గంగులయ్య ఆమె భర్తకు అన్న. జమ్మలమడుగులో ఆయన కూతురికి పెండ్లి కుదిరింది. పిల్ల మెడ నిండుగా కనబడాలంటే రామేశ్వరమ్మ కాసులపేరు కావాలట. అది ఆమె కన్నతల్లి పెట్టింది. అత్తగారింట్లో ఎవరూ అందులో ఒక్క కాసు కూడా కూర్చింది లేదు. అయినా మొగుడు పోయినదాని పెట్టె కాబట్టి, అందులో ఉన్నది ఊరందరి సొత్తే అన్నట్టుంది ఆయన వరస. అడిగేవాడికి సిగ్గు లేకపోతే పోయె, చుట్టూ కూచుని తలలాడించిన వాళ్ళకైనా ఉండొద్దూ!

ఆమె ఔననలేదు, కాదనలేదు. బస్సెక్కి పులివెందుల వచ్చేసింది. అది ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి యేడాది. పులివెందులలో ఆడపిల్లల బడిలో ఆమె బొమ్మలు గీయడం, కుట్టుపని నేర్పే టీచరు. గదిలో ఒక్కతే ఉంటుంది, తన వంట తానే వండుకుంటుంది.

ట్రైనింగులో పాఠాలు చెప్పిన దొరసానమ్మ తన దేశం పోతూ పోతూ ఆమెకొక బొమ్మల పుస్తకం ఇచ్చింది. నాలుగు వందల యేళ్ళ కిందట ఇటలీ దేశంలో గీసిన బొమ్మలవి. ఆ రోజు చెప్పులైనా విడవకుండా ఆ పుస్తకం తీసి, ఒక ఆడమనిషి బొమ్మ దగ్గర ఆగింది. నడిపాపిట తీసిన తల. తల చుట్టూ సన్నటి నల్ల పట్టుతాడు, ఆ తాడుకు నొసటి నడుమ నిలిచిన ఎర్రరాయి. మెడను అంటుకుని ముత్యాల పేట. ఎద మీద బంగారు చట్రంలో ఇంకొక రాయి, దాని కింద వేలాడుతూ ఒకే ఒక్క ముత్యం.

ఈ బొమ్మను ఆమె ఎన్నోసార్లు చూసింది. ఇప్పుడు కోపంతో చూస్తే కొత్త సంగతి కనబడింది. ఆ మనిషికి తాళి లేదు. నల్లపూసలు లేవు, గాజులు లేవు, ముక్కుపుడక లేదు. మొగుడు పోయిన రోజు తన ఒంటి మీద నుంచి పేరుపేరునా చెప్పి తీయించినవేవీ ఆ బొమ్మలో లేవు. అయినా ఆ మనిషి బోసిగా లేదు. మహారాణిలా కూచుని ఎదుటివాళ్ళను నిలదీసి చూస్తోంది.

ఆదివారం పొద్దున్నే కాసులపేరు, కెంపుల కమ్మలు, ఆ పుస్తకం సంచిలో వేసుకుని ప్రొద్దుటూరు పోయింది. చాంద్ బాషా రాళ్ళు పొదిగే పనివాడు. ఆమె తల్లి కాలం నుంచీ తెలిసినవాడు. బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"దీన్నేమంటారు పాపా?"

"మన దగ్గర దీనికి పేరు లేదు మామా."

"పేరు లేని నగ యాడన్నా ఉంటాదా? రేపు ఎవురన్నా చూసి అట్లాంటిదే కావాలంటే ఏమని అడగాల?"

"పేరు లేదు గాబట్టే చేయిస్తాండా. పేరుండేవన్నీ తీసేయమన్న్యారు. దీన్ని ఏమని తీయమంటారో చూస్తా."

చాంద్ బాషా కాసులపేరు చేతిలోకి తీసుకున్నాడు. "మీయమ్మ వేసుకునింది గదమ్మా ఇది. కరిగిస్తే మళ్ళా రాదు."

"కరిగించు మామా. కాసులుగా ఉన్నన్నాళ్ళూ వాళ్ళ కండ్లు దీని మీదనే ఉంటాయి."

చాంద్ బాషా కాసులు కరిగించి బంగారు చట్రాలు చేశాడు. కమ్మల్లోని కెంపులు ఊడదీసి, పెద్దదాన్ని నొసటికీ, ఇంకొకదాన్ని ఎదకూ పెట్టాడు. ఆయన భార్య మెహబూబున్నీసా ముత్యాలు గుచ్చి, పట్టుతాడు పేనింది. అంతా అయ్యాక తన చేతులతోనే రామేశ్వరమ్మ తలకు కట్టి, అద్దం అందించింది. అద్దంలో మనిషిని చూసి రామేశ్వరమ్మకు ఏడుపు రావలసింది. రాలేదు. ఇన్నాళ్ళూ ఈ మొహాన్ని ఎవరి కోసం దాచానని పట్టరాని కోపం వచ్చింది.

పెండ్లి రోజు ఆమె ఆ నగలన్నీ పెట్టుకునే జమ్మలమడుగులో బస్సు దిగింది. పందిట్లో ఆమెను చూసినవాళ్ళు పక్కవాళ్ళను పొడిచి చూపించారు. గంగులయ్య ఎదురొచ్చాడు.

"కాసులపేరు తెచ్చినావా?"

"తెచ్చినా బావా. ఒంటిమీదనే ఉంది, చూసుకో."

గంగులయ్య మొహం నల్లబడింది. "కరిగిచ్చినావా? ఏంది ఈ యేషం? తీయ్ ముందు!"

"ఏది తీయాల? పేరు చెప్పు, తీస్తా."

పెద్దమనుషులు చుట్టూ చేరారు. పాపిటబిళ్ళ అన్నాడొకాయన. పాపిట్లో లేదు గదా అని ఇంకొకాయనే తేల్చాడు. మెడలోది తాళి కాదు, నల్లపూసలూ కాదు. ముసలోళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒక ఆడదాన్ని బయటికి గెంటడానికి మాట దొరక్క ఇంతమంది మగవాళ్ళు తడుముకుంటున్నారు, చూడండి.

ఆఖరికి గంగులయ్యకే దొరికింది. "నొసట ఎర్రగా ఉండేది బొట్టు గాక ఇంకేంది? అది బొట్టే! మొగుడు సచ్చినది బొట్టు పెట్టుకోని పెండ్లికొస్తాదా?"

అందరూ హమ్మయ్య అనుకున్నారు. రామేశ్వరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"బొట్టేనా? సరే. బొట్టయితే తుడిపించు. మన ఇంట్లో బొట్టు తుడిచేది అత్త గదా. పిలువు."

ఆ మాటను అత్త ఓబులమ్మ ఎత్తిపొడుపుగా తీసుకోలేదు. కొడుకు బొట్టన్నాడు కాబట్టి ఆ ముసలామెకు అది బొట్టే. చెంబులో కొంగు ముంచుకుని వచ్చి, కోడలి నొసటి మీది కెంపును తుడవసాగింది. ఒకసారి తుడిచింది. మళ్ళీ తుడిచింది. దారి పొడుగునా పట్టిన దుమ్ము పోయి రాయి ఇంకా ఎర్రబడింది. మొగుడి శవం ఇంకా పడసాలలో ఉండగా, తన నొసలు కందిపోయేదాకా రుద్దిన చెయ్యే ఇది. అది ఆగగానే రామేశ్వరమ్మ పట్టుకుంది.

"ఆగినావేం? రుద్దు అత్తా. ఆ పొద్దు రుద్దినట్టు గట్టిగా రుద్దు. ఆ పొద్దు ఎంత బాగా పోయింది!"

ఓబులమ్మ చెయ్యి విడిపించుకుంది. కొడుకు వైపు తిరిగింది.

"పోలేదురా," అంది. ఎవరూ అడక్కుండానే కోడలితో చెప్పింది. "నాకు మాయత్త తుడిచింది. ఆమె మారుమనువు చేసుకున్న మనిషే. గొర్లు మేపే కాలంలో ఎవురికీ ఈ కట్టుబాటు లేదు. మిద్దె కట్టినాక పరువు పోతాదని, నన్ను మాత్రం నట్టింట్లో కూచోబెట్టి తుడిచింది."

"ఆ సంగతి తెలిసీ నాకు తుడిచినావు," అంది రామేశ్వరమ్మ.

అత్తను క్షమించాలని రామేశ్వరమ్మకు అనిపించలేదు. పోయి ముత్తయిదువుల వరసలో, చాప మీద కూచుంది. లేపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

బాజాలు మొదలయ్యాయి. అక్షింతల పళ్ళెం తెచ్చిన ఆడమనిషి వరసంతా పంచుకుంటూ వచ్చి, రామేశ్వరమ్మ దగ్గర ఆగి, గంగులయ్య వైపు చూసింది. రామేశ్వరమ్మ చెయ్యి చాచింది. ఆ చేతి పక్కనే, వెనక నుంచి, తడి కొంగు పట్టుకున్న ముడతల చెయ్యి ఇంకొకటి వచ్చింది.

"నాకూ పెట్టు," అంది ఓబులమ్మ.